మట్టి గోళీల మీద ఉప్పు

ఆ పెద్దాసుపత్రిలో ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ల దాకా అందరికీ ఆమె ట్రాలీ అమ్మే. భోజనాల బండి తోసుకుంటూ వార్డుల వెంట తిరగడం ఆమె ఉద్యోగం. బండి ముందు చక్రం ఒకటి కీచుమని అరిచేది. దానికి కాస్త నూనె వెయ్యమని ఎంతమంది మొత్తుకున్నా ఆమె చెవిన వేసుకోలేదు. ఆ చప్పుడు వింటే రోగులు వాళ్లంతట వాళ్లే లేచి కూర్చుంటారని, ఒక్కొక్కర్నీ తట్టి లేపే పని తప్పుతుందని ఆమె లెక్క.

పథ్యం విషయంలో మాత్రం ఆమె దగ్గర ఎవరి ఆటలూ సాగేవి కావు. పళ్లేలకి రంగు చీటీలుండేవి. తెల్ల చీటీ ఉంటే ఆ పళ్లెంలో ఉప్పు పడకూడదు. తెల్ల చీటీ వాళ్లు బతిమాలేవాళ్లు, అలిగేవాళ్లు, కొందరు బెదిరించేవాళ్లు కూడా. ఓసారి ఒక పోలీసు అధికారి మంచం మీద నుంచే కళ్లెర్రజేసి, ఈ చప్పిడి కూడు మళ్లీ తెస్తే తనెవరో తెలిసేలా చేస్తానన్నాడు. "మీరెవరో మీ కిడ్నీలకి తెలీదు సార్," అని పళ్లెం అక్కడ పెట్టి పక్క మంచానికి వెళ్లిపోయింది. ఆ మాట ఆసుపత్రిలో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. నవ్వుకున్నా, వంటవాళ్లెవరూ ఆమె కళ్లుగప్పి తెల్ల చీటీ పళ్లెంలో వేలు పెట్టడానికి సాహసించలేదు.

అంత కచ్చితమైన మనిషి సొంతింట్లో ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి.

మొగుడు త్వరగానే పోయాడు. ఒక్కడే కొడుకు. వాడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవాడు. పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు ఆనించి, ఎంత భయస్థుల చేతైనా నాలుగు రోజుల్లో స్టీరింగు పట్టించేవాడు. ఇంట్లో టీవీలో కారు ఏదైనా దూసుకొస్తే కుర్చీలో కూర్చునే కుడికాలు నేలకేసి నొక్కేవాడు, పెళ్లాం పగలబడి నవ్వేది. ఆ పిల్ల కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ముగ్గురూ మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లు. అత్తాకోడళ్ల మధ్య ఒలకపోసుకునే ప్రేమా లేదు, చెప్పుకోదగ్గ పోట్లాటా లేదు. ఇరుకు వంటింట్లో ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా తిరగడం ఇద్దరికీ అలవాటైపోయింది.

ఆమె రిటైరైన ఏడాదే కొడుక్కి ముఖం ఉబ్బడం మొదలైంది. నిద్ర చాలకేమో అనుకున్నారు. చెప్పులు బిగుసుకుంటుంటే కొత్తవి కొన్నారు. తీరా పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయన్నారు. వారానికి మూడుసార్లు రక్తం కడిగే యంత్రం దగ్గర పడుకోవాలి. కారు నేర్పే ఉద్యోగం పోయింది. మెడ దగ్గర గొట్టం వేసిన రోజున నర్సు జాగ్రత్తలన్నీ చెప్పి, ఇంట్లో మట్టి నింపిన మొక్కల కుండీలేమైనా ఉంటే తీసేయమంది. మట్టిలో ఉండే క్రిములు ఆ గొట్టం దారిన రక్తంలోకి పోతాయట. అన్నిటికీ సరేనంటూ వచ్చినవాడు ఆ ఒక్క మాటకి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఎందుకంటే ముందు గది కిటికీ గట్టు నిండా ఉన్న మొక్కలు వాడివే.

మొక్కల్ని పారెయ్యలేక వాడే దారి వెతుక్కున్నాడు. పెళ్లాం చేత వేళ్లకున్న మట్టంతా కడిగించాడు. కాల్చిన మట్టి గోళీలు ఒక సంచీడు తెప్పించాడు. ఒక్కో మొక్కకీ రెండేసి కుండీలు. లోపలి దాని అడుగున చిల్లులుంటాయి, అందులో గోళీలు, గోళీల మధ్య మొక్క. బయటి దాంట్లో అడుగున కాసిని నీళ్లు. ఆ తడిని గోళీలు పైకి పీల్చుకుంటే వేళ్లు అందుకుంటాయి. మట్టిలో పెరిగిన పాత వేళ్లు కుళ్లిపోయి, నీళ్లకి అలవాటుపడే కొత్త వేళ్లు తెల్లగా దిగేదాకా వాడు రోజూ తొంగి తొంగి చూసేవాడు.

"ఈ గోళీల్లో దానికి తినడానికేముంటుందిరా?" అనడిగింది ట్రాలీ అమ్మ. ఆమెకి ముందుగా తట్టే ప్రశ్న అదే.

"ఏమీ ఉండదమ్మా. ఉత్త రాళ్లనుకో. మనం నీళ్లలో ఎరువు కలిపి పోస్తే అదే దాని భోజనం."

"మరి కాస్త ఎక్కువ పొయ్యి. చూడు ఎలా పీక్కుపోయిందో."

"ఎక్కువైతే వేళ్లు మాడతాయి. నీ బండి కాదమ్మా ఇది," అని నవ్వాడు.

నెలకోసారి లోపలి కుండీలు ఒక్కొక్కటీ బాత్రూంలోకి పట్టుకెళ్లి కుళాయి కింద పెట్టేవాడు. గోళీల మధ్య నుంచి నీళ్లు ధారగా పోతుంటే, "ఇవాళ వీటికి డయాలసిస్," అనేవాడు. ఆ హాస్యం ఆమెకి గుండెల్లో గుచ్చుకునేది. అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది. వాడు ఎందుకు కడుగుతున్నాడని ఒక్కసారి కూడా అడగలేదు. ఆకుల మీద దుమ్ముకేమో అనుకుంది. కోడలు ఆ వేళకి దుకాణంలో ఉండేది.

ఇక వాడి భోజనం. ఎన్ని వందల మందికో చప్పిడి కూడు పెట్టిన మనిషికి కొడుక్కి పెట్టడం ఒక లెక్కా అనుకున్నారు అందరూ. మొదటి నెలల్లో ఆమె కూడా అలాగే అనుకుంది. కానీ వార్డులో పళ్లెం పెట్టి వెళ్లిపోవచ్చు, రోగి తిన్నాడా లేదా చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఇక్కడ ఎదురుగా కూర్చుని చూడాలి. వాడు ముద్ద నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, మింగలేక నీళ్లు తాగేవాడు. ఆ నీళ్లు కూడా కొలతే. చెంపలు లోపలికి పోయాయి, మాట నీరసించింది. ఒక మధ్యాహ్నం పళ్లెం పక్కకి నెట్టి, చిన్నపిల్లాడిలా ఆమె కొంగు పట్టుకుని, కాస్త ఉప్పు వెయ్యమన్నాడు. పెళ్లానికి మాత్రం చెప్పొద్దన్నాడు, అది కంగారుపడుతుందని.

వేసింది. పోలీసు అధికారికి వెయ్యని చెయ్యి కొడుక్కి వేసింది. కూర మీద చిటికెడు చల్లి వేలితో కలిపింది. వాడు పళ్లెం ఖాళీ చేశాడు. ఎన్నాళ్లకో తిన్నాడన్న సంతోషంలో ఆ రోజు ఆమెకి తప్పు చేశానని కూడా అనిపించలేదు. మర్నాడు మళ్లీ వేసింది. ఆ తర్వాత అదే మధ్యాహ్నపు భోజనమైపోయింది. చిటికెడే కదా, ఎక్కువ వెయ్యట్లేదు కదా అని తనకి తాను చెప్పుకునేది. రాత్రి భోజనం కోడలు పెట్టేది, అది పథ్యంగానే ఉంటుంది కనుక ఏం ఫర్వాలేదని ఆమె ధైర్యం.

వానలు పడే రోజుల్లో ఒక ఉదయం వాడికి ఊపిరాడలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. తను బండి తోసిన ఆసుపత్రిలోనే, తనకి గోడ గోడా తెలిసిన వార్డు బయట ఆమె నిలబడింది. డాక్టరు తలుపు తీసుకుని వచ్చి, "ఇంట్లో ఉప్పేమైనా తింటున్నాడా?" అనడిగాడు. అత్తా కోడలూ ఒకేసారి "లేదు" అన్నారు. ఆయన తలాడించి లోపలికి వెళ్లాడు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

నా చేత్తో నేనే చంపుకున్నాననే మాట ఆమె లోపల ఆ రోజు మొదలై మరి ఆగలేదు. వంట చేస్తుంటే వినిపించేది, బట్టలు ఆరేస్తుంటే వినిపించేది. ఎవరికైనా చెప్పుకుంటే కాస్త తేలికపడేదేమో. చెప్పుకోవాల్సిన మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషి ముఖమే చూడలేకపోయేది. కోడలు కూడా మాట్లాడటం తగ్గించేసింది. అన్నం పెట్టాను, గ్యాస్ అయిపోయింది, తలుపు వేసుకోండి... అంతకుమించి మాట లేదు. పుట్టింటికి వెళ్లిపోతుందేమో అనుకుంటే వెళ్లలేదు. ఉంటూనే అంటీముట్టనట్టు ఉంది. దీనికి తెలిసిపోయింది, నన్ను చూస్తే అసహ్యం వేస్తోంది, పెద్దదాన్నని నోరు కట్టేసుకుని తిరుగుతోంది అనుకుంది ట్రాలీ అమ్మ. తెలిస్తే తిట్టాలి కదా, ఈ మౌనం ఏమిటని లోలోపల కోపం కూడా వచ్చేది.

మిగిలినవి వాడి మొక్కలు. వాటికి ఎవరు నీళ్లు పోయాలనే మాట ఇద్దరి మధ్యా రానే లేదు. మాటే లేనిచోట ఆ మాట ఎక్కడ్నుంచి వస్తుంది. కోడలు పనికి వెళ్లాక ట్రాలీ అమ్మ కిటికీ దగ్గరికి వెళ్లేది. గట్టు చివర ఎరువు సీసా ఉండేది. మూతలో కొలిచి, చెంబుడు నీళ్లలో కలిపి, కుండీల అడుక్కి పోసేది. వాడు ఎంత కలిపేవాడో ఆమెకి తెలుసు, కొలతలు ఆమె పనే కదా. కానీ కొన్నాళ్లు గడిచేసరికి ఆకుల కొసలు మాడటం మొదలైంది. పీక్కుపోయిన మొహం ఆమె ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. తిండి చాలట్లేదనుకుంది.

పైగా ఆ సీసా ఒకటి. పోసిన కొద్దీ తరగాలి కదా. తరిగేది కాదు. ఈ వారం సగానికుంటే వచ్చే వారమూ సగానికే ఉండేది, ఒక్కోసారి కాస్త పైకే ఉన్నట్టు కనిపించేది. ఇదేం అక్షయపాత్రో అనుకుని, తన కళ్లు మసకబారాయనుకుని, చివరికి తను పోస్తున్నది మరీ చుక్కే అయ్యుంటుందని తేల్చుకుంది. ఒక మూత పోసేచోట ఒకటిన్నర, తర్వాత రెండు. మొక్కలు పచ్చబడాల్సింది పోయి ఒక్కొక్కటే ఒరిగాయి. పండిపోయిన ఆకులు కోసి, కోడలు రాకముందే కాగితంలో చుట్టి కిందికి తీసుకెళ్లి పారేసేది. ఖాళీ అయిన కుండీల గురించి కోడలు ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆమెకి మరింత భయం వేసింది.

అన్నీ పోయి ఆఖరికి పీస్ లిల్లీ ఒక్కటి మిగిలింది. వాడు ఉన్న రోజుల్లో అరచేయంత తెల్ల పువ్వు పూసిన మొక్క అది. ఇప్పుడు దాని ఆకులు కూడా అంచులమ్మట గోధుమరంగుకి తిరిగి వేలాడుతున్నాయి. గోళీల మీద తెల్లగా పొర కట్టింది. బూజేమో అని తడిగుడ్డతో తుడిస్తే పోయేది, రెండు రోజుల్లో మళ్లీ కట్టేది. ఇది కూడా నా చేతిలో పోతే ఇంక నా చెయ్యి ఎవరికీ ముద్ద పెట్టడానికి పనికిరాదని ఆమె అనుకుంది. పిచ్చి ఆలోచనే. కానీ అన్నం పెట్టడం తప్ప జీవితంలో ఇంకో పని చెయ్యని మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది. ఆ మొక్క బతకడం మీదే ఆమె ప్రాణం పెట్టుకుని కూర్చుంది.

ఆ రోజు పగలు ఆమె చెంబు పట్టుకుని మూడో మూత వంచుతుండగా తలుపు తాళం తిరిగింది. కోడలు. దుకాణం నుంచి ఆ వేళకి ఎప్పుడూ రాదు. చేతిలో కొత్త ఎరువు సీసా ఉంది. అత్తగారి చేతిలో పాత సీసా ఉంది. ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"మీరు కూడా పోస్తున్నారా?" అంది కోడలు.

"కూడా ఏమిటి?"

"నేను రోజూ పొద్దున్న, మీరు స్నానానికెళ్లినప్పుడు..." కోడలు చెప్పులైనా విప్పకుండా గోడకి ఆనుకుంది. "సీసా తరిగితే మీరేమనుకుంటారోనని కొత్తది కొని అందులో ఒంపేదాన్ని. ఇవాళ మొక్కల దుకాణం ఆయన అడిగాడు, ఇన్ని సీసాలు ఏం చేస్తున్నారమ్మా అని. నెలకోసారి కుండీ కడుగుతున్నారా అనడిగాడు. లేదన్నాను. ఎరువంటే ఉప్పేనట అత్తయ్యా. మొక్క నీళ్లు తాగేసి ఉప్పు వదిలేస్తుందట. కడగకపోతే అదంతా అక్కడే పేరుకుని వేళ్లని కాల్చేస్తుందట. మీ అబ్బాయి నెలనెలా చేసేది అదేనట, దుకాణం ఆయనతో చెప్పేవారట. అందుకే మా కళ్లజోళ్ల దుకాణంలో చెప్పి పరిగెత్తుకొచ్చాను."

ట్రాలీ అమ్మ కుండీ మీదికి వంగింది. గోళీ మీది తెల్ల పొరని గోటితో గీకి నాలుకకి రాసుకుంది. వండేవాళ్లకి ఏదైనా నాలుక మీద వేసుకుంటే గానీ నమ్మకం కుదరదు. చేదు కలిసిన ఉప్పు. ఆమె చేతిలోని చెంబు కింద పడింది, నీళ్లు గది సగం పారాయి.

ఇద్దరూ కలిసే కుండీని బాత్రూంలోకి మోసుకెళ్లారు. ఆ మొక్క బతకలేదని ఇప్పుడే చెప్పేస్తే నయం. వేళ్లన్నీ అప్పటికే మెత్తబడి రంగు మారాయి, ఎంత కడిగినా లాభం లేకపోయింది. కానీ ఆ సంగతి వాళ్లకి అప్పుడు తెలీదు. కోడలు కుండీని కుళాయి కింద వంచి పట్టుకుంది. ట్రాలీ అమ్మ స్టూలు మీద కూర్చుని నీళ్లు పోవడం చూస్తోంది. ఈ పని వాడు చేస్తుంటే ఒక్కసారైనా పక్కన నిలబడలేదే అనుకుంది.

"నేనే చంపాను," అంది.

"ఇద్దరం పోశాం కదా అత్తయ్యా. మీరొక్కరే ఎలా..."

"మొక్క సంగతి కాదమ్మాయ్." ఆమె నీళ్ల వైపే చూస్తూ చెప్పింది. "మధ్యాహ్నం పూట వాడికి ఉప్పు వేసి పెట్టేదాన్ని. నువ్వు లేనప్పుడు. వాడు అడిగాడు, నేను వేశాను. అడిగినవాళ్లందరికీ లేదన్నదాన్ని, వాడికి అనలేకపోయాను. డాక్టరు అడిగితే అబద్ధం చెప్పాను. నీ మొగుణ్ణి నేనే పొట్టన పెట్టుకున్నాను. నీకు తెలుసని నాకు తెలుసు. ఇప్పుడైనా తిట్టు, నీ కాళ్లు పట్టుకుంటాను."

కోడలు కుళాయి కట్టలేదు. నీళ్లు అలాగే పోతున్నాయి. ఆమె వెనక్కి తిరగలేదు కూడా.

"నాకు తెలీదు," అంది. "నేను రాత్రి వేసేదాన్ని."

ట్రాలీ అమ్మకి ఆ మాట వెంటనే ఎక్కలేదు.

"రాత్రి భోజనంలో," అంది కోడలు. "ఆయనే అడిగారు. అమ్మకి చెప్పకు, ఆసుపత్రి మనిషి కదా, ఊరుకోదు అన్నారు. పగలు మీరు పథ్యంగా పెడుతున్నారు కదా, రాత్రి ఒక్కపూటకి ఏమవుతుందిలే అనుకున్నాను. పోయాక మీరు నాతో మాట్లాడటం మానేశారు. మీకు తెలిసిపోయింది, అందుకే నా ముఖం చూడట్లేదనుకున్నాను."

భారం పంచుకుంటే సగమవుతుందంటారు గానీ, ఆ క్షణాన ఆమెకి సగం కాలేదు. ముందు కోపం వచ్చింది. నా కొడుక్కి ఉప్పు పెట్టడానికి నువ్వెవరివే అని నోటిదాకా వచ్చింది. ఆ వెంటనే, అనబోయే ప్రతి మాటా తనకే తగులుతుందని తెలిసి నోరు మూసుకుంది. లేచి, కోడలి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి ఉప్పు డబ్బా మూత తీసింది.

"ఎంత వేసేదానివి?"

కోడలు తడిచేత్తోనే చిటికెడు తీసి వంటగట్టు మీద పెట్టింది. ట్రాలీ అమ్మ తన చిటికెడు తీసి దాని పక్కన పెట్టింది. రెండూ కాస్త అటూ ఇటూగా ఒకటే. వేలితో రెండిటినీ ఒక చోటికి జరిపి, కళ్లు చికిలించి చూసింది. ఆమెకి తూకం అక్కర్లేదు. చీటీల్లేని పళ్లేలకి ఎంత పడుతుందో, కాలు విరిగి పడుకున్నవాడికి, కన్ను ఆపరేషనైనవాడికి ఎంత వేస్తారో ఆమె చేతికి తెలుసు.

"జబ్బు లేని మనిషి తినేంత," అంది.

"మరి ఆయనకి తెలియలేదంటారా? రెండు పూటలా ఉప్పు పడుతోందని?"

"నాలుకున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది. ఇద్దర్నీ అడిగి పెట్టించుకున్నవాడు వాడేగా." ఆమె వంటగట్టు అంచు గట్టిగా పట్టుకుంది. "నువ్వు నాకు చెప్పినా, నేను నీకు చెప్పినా, సగమే తినేవాడు."

సగమే తింటే బతికేవాడా అని కోడలు అడగలేదు. ట్రాలీ అమ్మ ఆ ఉప్పుని వేలితో మళ్లీ రెండుగా విడదీసి, బాత్రూంలో ఇంకా పారుతున్న కుళాయి కట్టడానికి వెళ్లింది.